పొరా? లెన్సా?

మా అవ్వది పుంగనూరు. నాలుగేళ్ళ కింద కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి చింతపండు కొట్టడం, సీరియల్ చూడడం అన్నీ బాగానే సాగాయి. పోయిన ఏడాది మళ్ళీ మసక మొదలైతే ఎవరికీ చెప్పలేదు. ఇరవై నోటనుకుని కొట్లో రెండు వందల నోటు ఇచ్చి వచ్చిన రోజు బయటపడింది. "శుక్లం మళ్ళా వచ్చింది నాయనా, ఇంక నేను కోయించుకోను" అని తేల్చేసింది.

డిశ్చార్జ్ కాగితం బయటికి తీశాం. అంతా ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు చదవడం వచ్చింది, అవ్వకి చెప్పడం మాత్రం రాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అసలు విషయం ఇది. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు. ఆపరేషన్‌లో మసకబారిన సహజ లెన్స్‌ని తీసి, దాని చుట్టూ ఉండే పల్చటి సంచిని అలాగే ఉంచి, అందులో కృత్రిమ లెన్స్ పెడతారు. సంచిలో మిగిలిన కణాలు నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో పెరిగి, లెన్స్ వెనక పొరలాగా కమ్ముకోవచ్చు. ఇది చాలామందికి వచ్చేదే. యాగ్ లేజర్‌తో ఆ పొర మధ్యలో చిన్న దారి చేస్తారు. కోత లేదు, కుట్టు లేదు, కొన్ని నిమిషాల పని.

రెండోది అరుదు. పొర కాదు, లెన్సే మసకబారుతుంది. నీటిని పీల్చే రకం అక్రిలిక్‌తో చేసిన కొన్ని లెన్సుల్లో కాల్షియం పేరుకుంటుంది. 1990ల చివర్లో హైడ్రోవ్యూ అనే లెన్సులు కొన్ని ఇలా అయితే, ప్యాకింగ్‌లో వాడిన సిలికాన్‌కి కూడా ఇందులో పాత్ర ఉందని తేలింది. దీనికి లేజర్ పనిచెయ్యదు. చూపు బాగా తగ్గితే లెన్స్ మార్చాల్సిందే. పైగా పొర అనుకుని ముందే లేజర్ కొడితే, సంచికి రంధ్రం పడి, లెన్స్ మార్చడం ఇంకా కష్టమవుతుంది.

మన ఊళ్ళలో శుక్లాన్నీ పొరే అంటాం, తర్వాత వచ్చేదాన్నీ పొరే అంటాం. మాట ఒకటే కావడంతో జబ్బూ ఒకటే అనుకుంటాం. ఆపరేషన్ ఫెయిలైందని కొందరు, వయసైపోయిందిలే అని కొందరు ఇంట్లోనే కూర్చుంటున్నారు. నిమిషాల్లో పోయే మసకతో మా అవ్వ ఎనిమిది నెలలు బతికింది.

డాక్టర్లకి టైం ఉండదు, రోజుకి అంతమందిని చూడాలి అంటారు. నిజమే. నేను వాళ్ళని తప్పు పట్టడం లేదు. కానీ డిశ్చార్జ్ కాగితం వెనక తెలుగులో నాలుగు లైన్లు అచ్చు వెయ్యడానికి ఎంత టైం కావాలి? "మళ్ళీ మసక వస్తే భయపడకండి. అది శుక్లం కాదు. వచ్చి చూపించుకోండి. లెన్స్ కార్డు తెచ్చుకోండి." చాలు.

ఆ కార్డు సంగతి కూడా చెప్పాలి. లెన్స్ పేరు, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ ఒకటి ఇస్తారు. మన ల్యాబ్‌లో కీబోర్డుకి కూడా స్టాక్ నంబరు ఉంటుంది, పోతే హెచ్‌ఓడీ దాకా వెళ్తుంది. కంట్లో ఉన్న వస్తువు నంబరు మాత్రం బియ్యం డబ్బా కింద పరిచిన కాగితాల్లో కలిసిపోతుంది. ఒక బ్యాచ్‌లో తేడా ఉందని రేపు తెలిస్తే, అది ఎవరెవరి కళ్ళల్లో ఉందో ఆ నంబరే చెప్పాలి.

ఇదంతా ఆపరేషన్ అంటే భయపెట్టడానికి కాదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటి కృత్రిమ లెన్స్ పెట్టాడు. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్ దాని ధరని పేదవాళ్ళకి అందేలా దించింది. అంత దూరం వచ్చిన వైద్యం చివరి మెట్టు దగ్గర, భాష దగ్గర ఆగిపోకూడదనే నా బాధ.

అవ్వది మామూలు పొరే. తిరుపతికి తీసుకొచ్చి లేజర్ చేయించాం. "ఇంతేనా? ముందే చెప్పుంటే ఎప్పుడో వచ్చేదాన్ని కదా" అంది. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ అవ్వకో తాతకో ఆపరేషన్ అయిందేమో అడగండి. కార్డు వెతికి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మళ్ళీ మసక అంటే డాక్టర్ని మొదట ఒకటే అడగండి: పొరా? లెన్సా?