సరిహద్దు వద్ద తరిగిపోయే మందు

పాఠకులారా, కస్టమ్స్ పత్రాలు వర్తకులకు సంబంధించినవేనని భావించకండి. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడిన పిదప, 2021 జనవరి 1 నుండి ఆ రెండింటి మధ్య కస్టమ్స్ సరిహద్దు ఏర్పడింది.

ఎముకల, గుండె స్కానింగులకు వాడే టెక్నీషియం, మాలిబ్డినం-99 అనే రేడియోధార్మిక పదార్థం నుండి లభిస్తుంది. దానిని ఉత్పత్తి చేసే రియాక్టరు బ్రిటన్‌లో లేదు; ప్రధానంగా ఐరోపా నుండి రావలసిందే. అది 66 గంటలలో సగానికి తరిగిపోతుంది కనుక నిల్వ చేసుకోవడమూ సాధ్యం కాదు. ఒక పత్రం కోసం లారీ ఆగితే, తరిగేది సరుకే కాదు, పరీక్షకు నోచుకునే రోగుల సంఖ్య కూడా.

కూటమిని వీడడం ఏ దేశానికైనా ఉన్న హక్కే. అయితే ఇటువంటి ఔషధాలకు ఆటంకం లేని మార్గాన్ని ముందుగా ఏర్పరచడం పాలకుల ధర్మం. క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని కలవరపడే రోగికి పత్రాల జాప్యం సమాధానం కాజాలదు.