పరాన్నజీవి అన్నది తిట్టు కాదు

నచ్చనివాళ్లని పరాన్నజీవులనడం ఈమధ్య మరీ ఎక్కువైంది. పింఛను తీసుకునే ముసలమ్మ పరాన్నజీవి, ఉపాధి హామీ కూలీ పరాన్నజీవి, నష్టాల లెక్క చూపించి విశాఖ ఉక్కు కార్మికుడూ పరాన్నజీవే. అనేవాళ్ల ఉద్దేశం ఒక్కటే: ఒళ్లు వంచకుండా ఇంకొకరి కష్టం మీద బతికేవాడని. మనుషుల సంగతి తర్వాత చూద్దాం. ప్రాణికోటిలో పరాన్నజీవి సోమరి అన్నది పచ్చి అబద్ధం. ఏ పరాన్నజీవీ తేరగా బతకదు. గుడ్డు పెట్టే వాటిలో చాలావాటి బతుకు గుడ్డు దగ్గరే తేలిపోతుంది. పెట్టాల్సిన చోట, పెట్టాల్సిన వేళకి గుడ్డు పడకపోతే వంశమే మిగలదు.

కోకిలనే చూడండి. గూడు కట్టుకోవడానికి బద్ధకించి, పిల్లల్ని కాకికి వదిలేసి పాటలు పాడుకుంటుందని పిల్లలకి చెబుతాం. అసలు ఆ కుహూ అనే కూత మగదానిది. చుక్కల ఒంటితో ఆకుల్లో నక్కే ఆడదానికి కాకి గూడు మీద నిఘా తప్ప తీరికెక్కడిది? కాకి గుడ్లు పెట్టే రోజుల్లోనే తానూ పెట్టాలి. కాకుల కంటబడితే తరిమి తరిమి పొడుస్తాయి. గుడ్డు రంగు కాకి గుడ్డుకి దగ్గరగా ఉండాలి, పిల్ల రెండు మూడు రోజులు ముందే బయటపడాలి. యూరప్ కోకిల పిల్ల తోటి గుడ్లని వీపుతో గూట్లోంచి నెట్టేస్తుంది. మన కోకిల పిల్ల మామూలుగా ఆ పని చేయదు, కాకి పిల్లలతో పాటే నోరు తెరుస్తుంది. ఇవేవీ లెక్కలోకి రాలేదు. శాకుంతలంలో నిండు గర్భిణి శకుంతల ఎదురుగా నిలబడితే దుష్యంతుడు ఆడ కోకిలని చూపించి ఆడజాతి మొత్తానికే మోసం అంటగట్టాడు. మరిచిపోయింది తను, నింద పడింది ఒక పక్షి మీద, ఒక స్త్రీ మీద. ఈనాటి తిట్టు పుట్టింది ఆ బుద్ధిలోంచే.

దీనికి గట్టి జవాబు విశాఖ పక్కనే, అనకాపల్లి చెరకు తోటల్లో ఉంది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం 1913 నుంచి చెరకు మీద పనిచేస్తోంది. లేత చెరకుకి పెద్ద శత్రువు పీకపురుగు. పిలక లోపలికి తొలుచుకుపోతే మొవ్వు ఎండిపోతుంది. పట్టి లాగితే కుళ్లు వాసనతో చేతిలోకి ఊడి వస్తుంది. లోపలికి వెళ్లిన పురుగుని మందు అందుకోవడం కష్టం. దాన్ని గుడ్డులోనే ఆపేది ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి పురుగు. ఒళ్లంతా కలిపి అర మిల్లీమీటరు. ఆకు మీద పీకపురుగు గుడ్డు దొరగ్గానే ఆడది దాని మీదికెక్కి, మీసాలతో తట్టుకుంటూ ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తుంది. ఆ నడకలోనే గుడ్డు ఎంత పెద్దదో, లోపల ఎన్ని పిల్లలకి తిండి సరిపోతుందో అంచనా కడుతుంది. ఇంకొకటి అప్పటికే గుడ్డు పెట్టిపోయిన ఆనవాలు తగిలితే చాలావరకు వదిలేస్తుంది. బాగుందనిపిస్తేనే సూదిలాంటి అవయవం దించి తన గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు రోజులకి ఆ పురుగు గుడ్డు నల్లబడుతుంది. ఇంకొన్నాళ్లకి అందులోంచి పీకపురుగుకి బదులు కందిరీగ వస్తుంది. బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్ల మీద వీటిని పెంచి, అట్టల మీద అంటించి ట్రైకో కార్డులని ఇస్తారు. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి. ముక్కలు చేసి ఆకు అడుగున కడితే చాలు. గుడ్డు కోసం తోటంతా ఆకు ఆకూ వెతికే ఈ ప్రాణిని సోమరి అనడానికి నోరెలా వస్తుంది?

మరి కడుపులో పురుగుల మాటేమిటని అడుగుతారు. అవి హాని చేస్తాయి, బడుల్లో పిల్లలకి ఆల్బెండజోల్ మింగించడం న్యాయమే. కానీ సోమరితనం అక్కడా లేదు. ఆడ ఏలికపాము రోజుకి దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అందులో ఏ ఒకటో రెండో మట్టిలో పండి, మళ్లీ ఒక మనిషి నోటికి చేరితే గొప్ప. హాని వేరు, బద్ధకం వేరు. హాని చేసేదాన్ని ఆపాలి, చెయ్యని తప్పు దాని నెత్తిన రుద్దకూడదు.

ఇప్పుడు ఉక్కు కార్మికుడి దగ్గరికి వద్దాం. 1966లో దానికోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక వచ్చిన కర్మాగారం అది. భూములిచ్చిన నిర్వాసితుల్లో నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు చేత్తో పట్టుకుని ఉద్యోగం కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. సొంత ఇనుప గనులు ఇవ్వలేదు; ఖనిజం బయట కొని తెచ్చుకుని కొలిమి నడపమన్నారు. ఆ కొలిమి ముందు నిలబడినవాడినా పరాన్నజీవి అనేది? పరుల కష్టం దోచినవాణ్ని తిట్టాలంటే తెలుగులో మాటలకి కరువా? లంచగొండి ఉంది, కబ్జాదారు ఉంది, దొంగ అన్న పాత మాట ఉండనే ఉంది. పేరు పెట్టి అనే ధైర్యం లేనివాళ్లే జీవశాస్త్రం చాటుకి వెళతారు.

ఏం చెయ్యాలంటే, ముందు బడి పుస్తకాల్లో కోకిల పక్కన ఈ కందిరీగకీ ఒక పేజీ ఇవ్వాలి. ఆ తర్వాత ట్రైకో కార్డుల సంగతి చూడాలి. పీకపురుగు గుడ్లు పెట్టే రోజుల్లోనే అవి ఊళ్లకి చేరాలి. ఆలస్యమైతే సంచీలోనే కందిరీగలు పుట్టి, వెతకడానికి ఒక్క ఆకూ దొరక్క అక్కడే చచ్చిపోతాయి.