సంఘం కాగితాలు ఎవరి జీమెయిల్‌లో ఉన్నాయి?

కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకున్న నెలకో రెండు నెలలకో బ్యాంకు నుంచి కబురొస్తుంది. చెక్కుల మీద సంతకాలు మార్చాలంటే బైలాస్ కాపీ, ఎన్నిక జరిగిన మీటింగ్ మినిట్స్ కావాలని. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట.

అమెరికాలో మేముండే ఊరి తెలుగు సంఘంలో ఇదే జరిగింది. బైలాస్ సవరణలు గూగుల్ డాక్స్‌లోనే రాసుకున్నాం. ఫైలు మాత్రం అప్పటి కార్యదర్శి గారి సొంత జీమెయిల్ కింద ఉంది. పని పూర్తయ్యాక ఎవరూ కెలకకూడదని ఆయన మంచి ఉద్దేశంతోనే షేరింగ్ తీసేశారు. తర్వాత కుటుంబంతో ఇండియా వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేదు, రికవరీకి ఇచ్చిన అమెరికా నంబరు ఎప్పుడో పోయింది. చివరికి ఎవరి లాప్‌టాప్‌లోనో దొరికిన ‘ఫైనల్ లేటెస్ట్ 3’ అనే వర్డ్ ఫైలుతో బ్యాంకు పని కానిచ్చాం. సభ్యులు ఆమోదించింది అదే పాఠమా అంటే ఇప్పటికీ ఇద్దరు కాదంటారు. పదవీకాలం ఎన్నేళ్లన్నది ఆ పాఠం మీదే ఆధారపడి ఉంది మరి.

సంఘాల్లో ఏ టూల్ వాడాలన్న చర్చ వచ్చిందంటే గూగులా, మైక్రోసాఫ్టా, నోషనా అని ఐటీ వాళ్లమంతా గంటసేపు వాదించుకుంటాం. ఆ వాదన తర్వాత. ముందు అడగాల్సింది, ఫైలు వ్యక్తి పేరు మీద ఉందా, సంఘం పేరు మీద ఉందా అని.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత అకౌంట్లను తొలగించవచ్చని గూగుల్ 2023 మేలో ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలైంది. అకౌంట్‌తో పాటు అందులోని జీమెయిల్, డ్రైవ్, డాక్స్ అన్నీ పోతాయి. మన కార్యవర్గాల పదవీకాలం కూడా చాలాచోట్ల రెండేళ్లే! ‘సంఘం కోసం’ అని ఎవరో ప్రత్యేకంగా తెరిచి, దిగిపోయాక మరిచిపోయిన జీమెయిల్‌కి సరిగ్గా ఈ గతి పట్టవచ్చు.

501(సి)(3) గుర్తింపు ఉన్న సంఘాలకు గూగుల్ తన వర్క్‌స్పేస్‌ను నాన్‌ప్రాఫిట్ పథకం కింద ఉచితంగా ఇస్తోంది. అందులోని షేర్డ్ డ్రైవ్‌లో పెట్టిన ఫైలు రాసినవారిది కాదు, సంస్థది. కార్యదర్శి మారితే లాగిన్ మారుతుంది, ఫైలు అక్కడే ఉంటుంది. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టకపోవడం బద్ధకం తప్ప మరొకటి కాదు. మాదీ అదే బద్ధకం.

అలాగని ఉచితం శాశ్వతం కాదు. నాన్‌ప్రాఫిట్‌లకు ఇచ్చే 10 ఉచిత బిజినెస్ ప్రీమియం లైసెన్సులను మైక్రోసాఫ్ట్ 2025 జులై నుంచి రెన్యువల్ తేదీని బట్టి ఆపేసింది. బిజినెస్ బేసిక్ మాత్రం ఉచితంగానే ఉంచింది. అంతకుముందు గూగుల్ వేవ్‌ను 2009లో ఎంతో ఆర్భాటంగా తెచ్చి, మరుసటి ఏడాదే ఆపేస్తున్నామని చెప్పడం చూశాం. అందుకే ఆమోదం పొందిన ప్రతి పత్రాన్నీ తేదీతో పీడీఎఫ్ చేసి, రెండు వేర్వేరు చోట్ల దాచాలి.

ఇక నెక్స్ట్‌క్లౌడ్, ఈథర్‌ప్యాడ్ లాంటివి సొంత సర్వర్ మీద నడుపుదామనే కుర్రాడు ప్రతి సంఘంలో ఒకడుంటాడు. ఆలోచన మంచిదే. అయితే ఆ కుర్రాడికి ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం వస్తే సర్వర్‌ను చూసుకునేదెవరు? చూసుకునే మనుషులు ఇద్దరైనా లేనిచోట దాని జోలికి పోకపోవడమే నయం.

రాసే పద్ధతి గురించి కూడా ఓ మాట. ‘లింక్ ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చు’ అని పెట్టి ఆ లింకును పెద్ద వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఏమవుతుందో చూశాను. ఎవరో ఫోన్‌లో వేలు తగిలి రెండు పేరాలు చెరిపేశారు. వెర్షన్ హిస్టరీ ఉండబట్టి వెనక్కి తెచ్చుకున్నాం. గూగుల్ డాక్స్‌లో ఒకేసారి 100 మంది దాకా ఎడిట్ చేయవచ్చు గానీ, నిజంగా రాసేది ముగ్గురే. ఆ ముగ్గురికి ఎడిటింగ్, కార్యవర్గానికి కామెంట్, మిగతావారికి పీడీఎఫ్ చాలు. కామెంట్ పెట్టడం రాని పెద్దాయన ఫోన్ చేసి ‘ఏడో పేరాలో ఆ మాట తీసెయ్ బాబూ’ అంటే, ముగ్గురిలో ఒకరు ఆయన పేరుతో కామెంట్ రాయాలి. ఆయన కూడా చందా కట్టిన సభ్యుడే కదా.

సావనీర్ వ్యాసాల్లో వచ్చే తలనొప్పి వేరు. పాత అనూ ఫాంట్లలో టైపు చేసి పంపితే డాక్స్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోనే పంపమని ముందే చెప్పాలి.

ఫారం 990 పూర్తిగా దాఖలు చేసే సంఘాలైతే బైలాస్‌లో ముఖ్యమైన మార్పుల సంగతి అందులో ఐఆర్‌ఎస్‌కు తెలపాలి. ఏ మార్పు, ఎప్పుడు చేశారన్నది చూపడానికి కాగితం లేకపోతే అక్కడా ఇబ్బందే.

మేము ఆలస్యంగానైనా షేర్డ్ డ్రైవ్‌కి మారాం. అడ్మిన్ లాగిన్ ఇద్దరి దగ్గర ఉంది. వెరిఫికేషన్ కోడ్ మాత్రం ఇంకా పాత కోశాధికారి గారి ఫోన్‌కే వెళ్తోంది. ఆ నంబరు మార్చడం వచ్చే మీటింగ్ ఎజెండాలో మొదటి అంశం.