ముహూర్తం ముందు చిగుళ్ల కోత

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఓ క్లినిక్‌కు నవ్వు తీర్చిదిద్దించుకోవడానికి వెళ్లిన 28 ఏళ్ల యువకుడు ప్రాణాలతో ఇంటికి రాలేదు. మత్తుమందు మోతాదు మించిందని తండ్రి ఆరోపించారు. పోలీసులు కేసు పెట్టారు.

ఇలాంటి మరణాలు బహు అరుదు. అయినా అందం కోసం చేసే కోతను బ్యూటీపార్లర్ పనిలా అమ్మడం దారుణం.

నవ్వితే చిగుళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయని కోతకు వెళ్లేవాళ్లు కోల్‌కతా న్యూ టౌన్‌లోనైనా, హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా డాక్టర్‌ను ముందు అడగాల్సింది ఒకటే: చిగుళ్లు ఎందుకు అంతగా కనిపిస్తున్నాయి? పై పెదవి పొట్టిదైనా, పై దవడ కిందికి పెరిగినా చిగుళ్లు కత్తిరించడమొక్కటే సరిపోదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కూడా చిగుళ్లను ఉబ్బించవచ్చు.

చిగుళ్ల అంచుకూ ఎముకకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఎడం కావాలి. అది చూసుకోకుండా లేజర్‌తో చెక్కేస్తే చిగుళ్లు మళ్లీ పెరగొచ్చు, వాపు వదలకపోవచ్చు. మరీ ఎక్కువ తీస్తే పళ్లు జివ్వుమంటాయి. ఎముకనూ సవరిస్తే అంచు కుదురుకోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. పెళ్లికి రెండు వారాల ముందు పరుగెత్తే వాళ్లకు ఈ మాట ఎవరైనా గట్టిగా చెప్పాలి.

సాధారణంగా స్థానిక మత్తు చాలు. అంతకుమించి ఇస్తామంటే ఎవరు ఇస్తారో, ఊపిరి ఇబ్బందైతే ఏం చేస్తారో ముందే అడగాలి. అనుమానముంటే, కోల్‌కతా వాళ్లకైతే డాక్టర్ ఆర్. అహ్మద్ దంతవైద్య కళాశాల ఉంది. అలాంటి బోధనాసుపత్రిలో మరో అభిప్రాయం తీసుకోవచ్చు.