కట్టెలకు వెళ్లిన రాత్రి

కుచేలోపాఖ్యానం అనగానే మనకు స్ఫురించేది అటుకుల మూట. చినిగిన ఉత్తరీయపు కొంగు, ఆ ముడి విప్పి ఆప్యాయంగా ఆరగించిన ద్వారకాధీశుడు, తిరిగివచ్చేసరికి పూరిపాక ఉన్నచోట వెలసిన దివ్యభవనం. హరికథల్లోనూ, పిల్లల నాటకాల్లోనూ కథ అంతవరకే. అయితే భాగవతం దశమస్కంధంలో అటుకులు ఆరగించడానికి ముందే మరొక ఘట్టం ఉంది. మిత్రుని పాన్పుపై కూర్చుండబెట్టి, పాదాలు కడిగి, కుశలమడిగిన పిదప శ్రీకృష్ణుడు అతని చేయి తన చేతిలోకి తీసుకుని పాత సంగతులు తలచుకున్నాడు. సాందీపని ఆశ్రమంలో గురుపత్ని పంపగా కట్టెల కోసం అడవికి వెళ్లిన నాటి సంగతి జ్ఞాపకమున్నదా అని అడిగాడు.

కాలం కాని కాలంలో గాలివాన. ఉరుములు. సూర్యుడస్తమించాడు. నేలంతా నీరు నిండి మిట్ట ఏదో పల్లమేదో తెలియలేదు. కట్టెల మోపులతో ఆ శిష్యులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని రాత్రంతా అడవిలో తిరిగారు. తెల్లవారాక గురువు వెదుక్కుంటూ వచ్చి వారిని చూచి, కరిగిపోయి ఆశీర్వదించాడు.

ఆ రాత్రికీ ఈ సమాగమానికీ నడుమ ఎంత జీవితం గడిచింది! ఒకరు ద్వారకను నిర్మించారు. మరొకరు ఆకలిగొన్న బిడ్డల ముఖాలు చూస్తూ తలనెరిశారు. ఐశ్వర్యం గురించి ఈయన చెప్పలేదు, దారిద్ర్యం గురించి ఆయన చెప్పలేదు. దారి తప్పిన ఆ రాత్రి దగ్గరకు వెళ్లి ఇద్దరూ మళ్లీ సమానులయ్యారు.

మాకు తెలిసిన నలుగురు మిత్రులున్నారు. 1986లో కళాశాల విద్యార్థులుగా శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లారు. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే నల్లమల బాట అది. భీముని కొలను లోయ దిగి మళ్లీ ఎక్కేచోట మోకాళ్లు మల్లన్నను తలచుకోక తప్పదు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడన్నది చరిత్ర. ఆ మెట్లెక్కే భక్తులు ఆయనకూ ఒక నమస్కారం పెట్టుకోవచ్చు.

పెళ్లిళ్లయ్యాయి. ఒకరు గల్ఫ్‌కు వెళ్లారు, ఒకరు వ్యాపారంలో మునిగారు. పదకొండేళ్లు యాత్ర లేదు. పండుగ శుభాకాంక్షలు, శుభలేఖలు, ఆపైన పరామర్శలు. నడివయసులో మగవారి స్నేహం తరచు ఇంతకే కుదించుకుపోతుంది. ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పడం మనవారికి అలవాటు లేని విద్య. పక్కపక్కన నడుస్తుంటే మాత్రం మాట దానంతట అదే వస్తుంది. యాత్ర తిరిగి మొదలైన ఏడు పెచ్చెర్వు దగ్గర చీకట్లో వారిలో ఒకరు, ఉద్యోగం పోయి నాలుగు నెలలైందనీ, రోజూ క్యారేజీ కట్టించుకుని బయలుదేరుతున్నాననీ, ఇంట్లో ఇంకా తెలియదనీ చెప్పారట. మిగిలిన ముగ్గురూ ఉపదేశం చేయలేదు. దిగి వచ్చాక ఆయనతోపాటు ఆయన ఇంటికి వెళ్లారు.

సంసారిని ఇలా వదిలి వెళ్లడం ధర్మమేనా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. యాత్ర పేరుతో బయలుదేరి సీసాలతో తిరిగే బృందాలను చూశాక ఎవరికైనా అనుమానం వస్తుంది. అటువంటివారి గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. కుచేలుణ్ణి ద్వారకకు పంపినది ఎవరో మరువరాదు. ఆయనకై ఆయన కదల్లేదు. భార్యే ప్రాధేయపడింది, ఇరుగుపొరుగును యాచించి అటుకులు తెచ్చి ముడివేసి ఇచ్చింది. సంపద ఆశించి పంపిందని అనవచ్చు. కాని భర్తకు అటువంటి మిత్రుడున్నాడని మరువనిది ఆ ఇల్లాలే. మరి ఆమెకూ చిన్ననాటి స్నేహితురాళ్లు ఉండరా? ఆమె యాత్ర ఊసు ఎన్ని ఇళ్లలో ఎత్తుతున్నాం?

2025 శివరాత్రికి ఆ నలుగురిలో ఒకరు నడవలేకపోయారు. మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. మానుకుందామన్నారు ముగ్గురూ. ఆయన ఒప్పుకోలేదు. చివరకు ఒకరు ఆయనతో బస్సెక్కారు, ఇద్దరు అడవిబాట పట్టారు. కైలాసద్వారం దగ్గర మజ్జిగ సీసాలతో ఎదురుచూసిన ఆయనకు, మెట్లెక్కి వస్తున్న ఇద్దరినీ చూడగానే కన్నీరాగలేదట.

మహాభారతం ఆదిపర్వంలో అర్జునుడు తీర్థయాత్ర చేసి ప్రభాసతీర్థం చేరినప్పుడు, వార్త విని శ్రీకృష్ణుడు ఎదురువెళ్లి రైవతకాద్రికి తీసుకుపోతాడు. ఆ రాత్రి అర్జునుడు పడక మీద మేను వాల్చి, తాను చూచిన నదులనూ కొండలనూ అడవులనూ మిత్రునికి వర్ణిస్తూ వర్ణిస్తూనే నిద్రలోకి జారుకుంటాడు. శ్రీశైలం సత్రంలోనూ ఆనాడు అదే జరిగింది. నాగలూటి వీరభద్రుని గుడి దగ్గర ఇప్పుడెలా ఉంది, భీముని కొలనులో నీరుందా అని కాలు చాపుకుని పడుకున్న ఆయన అడుగుతూనే ఉన్నారు. చెబుతున్న ఇద్దరికీ కన్ను మూతపడేదాకా.