ఉమర్ అయిపోయిందని వదిలేయకండి

అమ్మీ స్కాన్ రిపోర్టులో 'బ్రెయిన్ అట్రోఫీ' అని రాశారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికల్లో రాసుకుని బతికేవాణ్ణి. అయినా ఆ మాటను అమ్మీకి ఏ జబాన్‌లో చెప్పాలో తోచలేదు. మధురానగర్‌లో ఇంటికొచ్చాక "దిమాగ్ థోడా సూఖ్ గయా అమ్మీ" అన్నాను. "ఉమర్ హో గయీ నా బేటా" అని నవ్వేసింది.

తప్పు అక్కడే ఉంది. నేనూ ఏడాదిపాటు అలాగే అనుకున్నాను. అడిగిందే అడుగుతుంటే విసుక్కున్నాను.

అట్రోఫీ అంటే ఒంట్లో ఒక భాగం క్షీణించి చిన్నదైపోవడం. విరిగిన కాలికి కట్టు విప్పాక చూడండి, కండ కరిగి సన్నబడి ఉంటుంది. కసరత్ చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. దిమాగ్ అలా కాదు. వయసుతో అందరిదీ కొంత కుంచించుకుపోతుంది. అల్జీమర్స్‌లో మాత్రం కొత్త సంగతులను దాచుకునే హిప్పోక్యాంపస్ ముందుగా దెబ్బతింటుంది. అందుకే అమ్మీకి తన నిఖా నాటి ముచ్చట్లు గుర్తున్నాయి, పొద్దున తాగిన చాయ్ గుర్తులేదు. పోయిన కణాలు తిరిగి రావు.

అయితే మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా వస్తుంది. వాటికి ఇలాజ్ ఉంది. బీపీ, షుగర్ అదుపులో లేకపోతే మెదడుకు నష్టం పెరుగుతుంది. డాక్టరుకు చూపించకుండా 'బుఢాపా' అని తీర్పు చెప్పే హక్ మనకు లేదు.

ఇంకో సంగతి మన పక్కనే తేలింది. మధురానగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట దాటితే పంజాగుట్ట, అక్కడే నిమ్స్. అప్పట్లో అక్కడ పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సాథీలు 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో రాశారు. ఒకే భాష వచ్చినవారికంటే రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఈ ఫరక్ కనిపించింది.

ఇది తావీజు కాదు. రెండు భాషలొస్తే జబ్బు రాదని ఎవరూ అనలేదు. అమ్మీకి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు, అయినా వచ్చింది. కానీ ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూను, గల్లీలో మాట్లాడే తెలుగును బోఝ్ అనుకుని, పిల్లలకు ఒక్క ఇంగ్లీషు చాలనుకునేవాళ్లం ఆగి ఆలోచించాలి. నేనూ అలా అనుకున్నవాణ్ణే.

ఇప్పుడు అమ్మీ నోట తెలుగు తగ్గిపోతోంది, దక్కనీ ఒక్కటే మిగులుతోంది. "దాదీ ఏమంటోంది అబ్బా?" అని నా కూతురు అడిగినప్పుడు సిగ్గేసింది. అందుకే రోజూ మగ్రిబ్ తర్వాత అరగంట దాన్ని దాదీ పక్కన కూర్చోబెడుతున్నాను. నిన్న ఖుబానీ కా మీఠా ఎలా చేయాలో దాదీ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ విన్నది.