స్ప్రేయర్ ఇస్తే సరిపోదు, సైలెన్సర్ విప్పడం నేర్పాలి

పైరు మీద పురుగు కనబడింది. గాలి, వాన లేని ఉదయం దొరికింది. సరిగ్గా ఆ రోజే తైవాన్ స్ప్రేయర్ మొరాయిస్తే రైతుకు పోయేది మెకానిక్ కూలి ఒక్కటే కాదు, అదను కూడా. ఇంజిన్ స్టార్టవుతుంది గానీ స్పీడు అందుకోదు, లోడు పడగానే ఆగిపోతుంది. ‘బోరు పోయింది, ఇంజిన్ మార్చాలి’ అనే మాట నమ్మే ముందు సైలెన్సర్ చూడాలన్నది మా అభిప్రాయం.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. అది పూర్తిగా కాలక మసిగా మారి సైలెన్సర్‌లో, దాని జల్లెడలో, పొగ వచ్చే రంధ్రంలో పేరుకుంటుంది. పొగ బయటికి పోకుంటే కొత్త గాలి లోపలికి రాదు. ఇంజిన్ బలం అక్కడే పోతుంది.

పని కష్టమైనది కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్ క్యాప్ తీయాలి. కవరు తీసి, సైలెన్సర్ బోల్టులు విప్పాలి. స్టార్టర్ తాడు మెల్లగా లాగి పిస్టన్ రంధ్రానికి అడ్డుగా వచ్చేలా నిలపాలి. అప్పుడు మసి లోపల పడదు. చెక్క పుల్లతోనే గీకాలి, స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్‌పై గీతలు పడతాయి. జల్లెడను బ్రష్‌తో రుద్దాలి. దాన్ని తీసి పారేయకూడదు, ఎండుగడ్డి మీద నిప్పురవ్వలు పడకుండా ఆపేది అదే. చిరిగిన గ్యాస్కెట్ మార్చి బోల్టులు గట్టిగా బిగించాలి.

ఆయిల్‌ను ఉజ్జాయింపుగా పోయొద్దు. కంపెనీ 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. ఎక్కువైతే మసి పడుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది.

‘ఇది కూడా రైతే చేసుకోవాలా, ప్రభుత్వానికి బాధ్యత లేదా?’ అని కొందరు అడగవచ్చు. ఉంది. కేంద్ర యాంత్రీకరణ పథకం చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, ఇతరులకు 40 శాతం సబ్సిడీ అంటోంది. యంత్రానికి డబ్బు ఇచ్చి, దాన్ని కాపాడుకునే విద్య ఇవ్వకపోతే ఆ సబ్సిడీ రెండు సీజన్లకే తుక్కులో కలుస్తుంది. అద్దె యంత్రంతో నెట్టుకొచ్చే కౌలు రైతుకైతే అది చెడిన రోజు అద్దె, అదను రెండూ పోతాయి.

అందుకే మా డిమాండ్లు ఇవి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలో రైతు వేదికల్లో ఖరీఫ్‌కు ముందే ఒక పూట మరమ్మతు శిక్షణ పెట్టాలి. కౌలు రైతులను, మందు కొట్టే కూలీలను కూడా పిలవాలి. సబ్సిడీ యంత్రంతో తెలుగు మాన్యువల్, విడి గ్యాస్కెట్, స్పానర్ తప్పనిసరిగా ఇవ్వాలి.

అవి వచ్చేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖ తొలకరికి ముందు ఊళ్లోని స్ప్రేయర్లన్నీ ఒకచోటికి తెప్పించాలి. పని తెలిసినవారు తెలియనివారి చేతనే సైలెన్సర్ విప్పించాలి.